ఆగస్టు లేని వాగు

స్తారా బాన్యా,
సెప్టెంబరు 12

నెవెనా,

నేను చేరాను. తుంటి ఎముక అతికిన చోట ఇంకా నొప్పి ఉంది. డాక్టరు ఆరు వారాలు ఇక్కడే ఉండమన్నాడు. ఫోను ఎందుకు చెయ్యడం లేదని అడగకు. ఫోనులో నువ్వు "అంతా బావుంది నాన్నమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద అయితే అడిగినదానికి జవాబు రాయక తప్పదు.

నా గదిలో రూజా అనే ఆవిడ ఉంది. మంచం మీద కూర్చుని కాలిగోళ్ళు కత్తిరించుకుంటుంది, అవి ఎక్కడ పడుతున్నాయో చూడదు. మధ్యాహ్నం సూపులో సేమ్యా నిన్నటిది. వేడినీళ్ళ తొట్టిలో పదిమంది ముసలివాళ్ళం కలిసి నానుతాం. అందులో ఒకాయన దగ్గి ఆ నీళ్ళలోనే ఉమ్మాడు. నేను లేచి వచ్చేశాను. "అలవాటు పడతారులెండి టీచరమ్మగారూ" అంది నర్సు. ఇలాంటివాటికి అలవాటు పడడానికా నేను డెబ్బై ఆరేళ్ళు బతికింది?

ఇక అసలు పని. అక్టోబరు ఇరవైన మన రుయాక్ సభామందిరంలో విచారణ. మన స్తుదెనా వాగును పైపులోకి మళ్ళించి కరెంటు తీస్తామంటున్న కంపెనీ, వాగులో ఏడాది పొడుగునా నీళ్ళు పుష్కలమని కాగితం ఇచ్చింది. ఆగస్టులో ఆ వాగు ఎలా ఉంటుందో మన ఊళ్ళో కోడిపిల్లకు కూడా తెలుసు. కానీ విచారణకు వచ్చేవాళ్ళు మన ఊళ్ళో పుట్టలేదు. వాళ్ళకు రుజువు కావాలి. ఉన్న రుజువు ఒక్కటే, మీ తాతయ్య ఫోటోలు. పద్నాలుగేళ్ళపాటు ప్రతి ఆదివారం పిండిమర వంతెన కింద ఎరుపు తెలుపు గీతల కొలకర్ర నిలబెట్టి తీసినవి. మూలన తేదీ పడినవి.

అవన్నీ కొట్టుగదిలో పచ్చదీపం వెలిగే ఆ పెట్టెలో ఉన్నాయి. నువ్వే ఎక్కించావు. "ఇందులో రెండు డిస్కులున్నాయి నాన్నమ్మా, కవల పిల్లల్లాగా. ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది" అని నువ్వే చెప్పావు. ఆగస్టు ఫోటోలన్నీ తీసి అచ్చు వేయించు. ఆ నెలలో నీళ్ళు కొలకర్ర అడుగుగీతను కూడా తాకవు. ఉన్న ఆ కాస్తా పైపులోకి పోతే మర ఆగుతుంది, తోటలు ఎండుతాయి, ఊరి బావులు ఎండుతాయి. ఆ తర్వాత ఊళ్ళో ఉండేది ఎవరు?

పెర్సిదా నీకు సాయం ఉంటానని వస్తోందట. మీ తాతయ్య చెల్లెలు, వద్దనలేను. నా గిన్నెల జోలికి మాత్రం రానివ్వకు.

నాన్నమ్మ


రుయాక్,
సెప్టెంబరు 16

ప్రియమైన నాన్నమ్మా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. పిల్లి ఈనింది, మూడు పిల్లలు. పశువుల ఆసుపత్రిలో నాకు ఈ వారం పని ఎక్కువ. గొర్రెలకు టీకాలు వేస్తున్నాం. పెర్సిదా మామ్మ వచ్చి నాలుగు రోజులైంది. ఇల్లు అద్దంలా ఉంచుతోంది, నీ కర్టెన్లు కూడా ఉతికింది. నీ పెద్ద గిన్నె ఒక్కటే వాడింది, అది కూడా తోమి పెట్టింది.

ఫోటోల సంగతి. పెట్టె కాస్త మొరాయిస్తోంది. పచ్చదీపం పోయి ఎర్రదీపం వెలిగింది, కీచుకీచుమని అరిచింది. ఇప్పుడు ఏ దీపమూ లేదు. ఆపేసి ఉంచాను, విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుందేమో. కంగారు పడకు. డిస్కులు రెండున్నాయి కదా.

నువ్వు వేళకు మందులు వేసుకో. రూజాగారిని పట్టించుకోకు.

నీ నెవెన


స్తారా బాన్యా,
సెప్టెంబరు 18

నెవెనా,

విశ్రాంతి తీసుకునేది మనుషులు. యంత్రం ఆగిందంటే దానికి కారణం ఉంటుంది. నీ ఉత్తరంలో పిల్లిపిల్లల లెక్క ఉంది, టీకాల సంగతి ఉంది, కర్టెన్ల సంగతి ఉంది. పెట్టె ఎందుకు ఆగిందో మాత్రం లేదు. బడిలో లెక్క తప్పిన పిల్లలు ఇలాగే మార్జిన్లో పువ్వులు గీసి ఇచ్చేవాళ్ళు.

నేను అడిగేది వరసగా చదువు. పెర్సిదా నా పెద్ద గిన్నె వాడిందన్నావు. సెప్టెంబరు నెల, పెర్సిదా, పెద్ద గిన్నె. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మనిషి మిరపకాయలు కాల్చింది. ఐవార్ పచ్చడి చేసింది. చేసిన ఐవార్ ఎక్కడ పెట్టింది?

రూజా నిన్న నా తువాలుతో మొహం తుడుచుకుంది. ఆ తువాలు ఆవిడకే ఇచ్చేశాను.

నాన్నమ్మ


రుయాక్,
సెప్టెంబరు 21

నాన్నమ్మా,

నీ దగ్గర దాచడం నావల్ల కాదు. చెప్పేస్తాను, కానీ మామ్మను తిట్టనని మాట ఇవ్వు. (నువ్వు ఇవ్వవని తెలుసు.)

మామ్మ మూడు బస్తాల ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క తీసి, రోజంతా కలియబెట్టి ఐవార్ చేసింది. వేడి సీసాలను కంబళి చుట్టి రెండు రోజులు మెల్లగా చల్లార్చకపోతే బూజు పడుతుంది కదా. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కొట్టుగదిలో మీ పెళ్ళినాటి కంబళి గుట్టలా ఉంది. లోపల ఏదో కీచుమంటోంది. ఎలుక అనుకున్నాను. కంబళి తీస్తే చుట్టూ సీసాలు, మధ్యలో మన పెట్టె. ముట్టుకుంటే చెయ్యి కాలింది.

"మామ్మా, ఇదేంటి?" అన్నాను.

"ఏమే, ఆ పెట్టె రాత్రీపగలూ వెచ్చగా ఉండి ఆ వేడంతా ఊరికే గాలికి పోతోంది. నా సీసాలకైనా పనికొస్తుందని చుట్టూ పేర్చాను. మధ్యలో కుంపటి పెట్టినట్టుంది, చూడు, ఎంత సమంగా చల్లారుతున్నాయో!"

"అది కంప్యూటరు సామాను మామ్మా! దానికి గాలి తగలాలి!"

"గాలి తగిలితే ఐవార్ పాడవుతుంది" అంది.

పిరోట్ లో ఒక కంప్యూటరు షాపుకు తీసుకెళ్ళాను. ఆయన చూయింగ్ గమ్ నములుతూ రెండు డిస్కులూ లాగి ఇంకొక కొత్త పెట్టెలో దూర్చాడు. తెర మీద ఏదో అడిగింది. "డిస్కుల్ని కొత్తగా సిద్ధం చెయ్యాలా అంటోంది, నొక్కెయ్యనా?" అన్నాడు. "సిద్ధం చేస్తే పాతవి ఏమవుతాయి?" అన్నాను. "పాతవి ఏముంటాయి, శుభ్రమైపోతాయి" అన్నాడు. వేలు మీట మీద ఉంది. ఆ చేతిని పట్టుకుని లాగేశాను నాన్నమ్మా. డిస్కులు రెండూ ఊడదీసుకుని వచ్చేశాను. ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. లోపల ఏమున్నదీ లేనిదీ తెలియదు.

నన్ను కూడా తిట్టు. ఆ పెట్టెను కొట్టుగదిలో పెట్టింది నేనే.

నెవెన


స్తారా బాన్యా,
సెప్టెంబరు 23

నెవెనా,

నీ ఉత్తరం భోజనానికి ముందు చదివాను. భోజనం చెయ్యలేదు.

నలభై ఏళ్ళుగా ఆ మనిషి ఐవార్ తిన్నాను. ఇప్పుడు ఆ జిడ్డు మళ్ళీ గొంతులోకి వస్తోంది. పద్నాలుగేళ్ళు వానలోనూ మంచులోనూ మీ తాతయ్య ఆ వంతెన కిందికి దిగాడు. చివరి ఏడాది ఊపిరి ఆడకపోయినా దిగాడు. ఆ శ్రమనంతా తీసుకెళ్ళి మిరపకాయల మధ్య కుంపటి చేసింది! గమ్ నమిలే ఆ షాపువాడు మిగిలింది తుడిచేవాడు. అడగకుండా నొక్కేవాళ్ళూ, తెలియకుండా కప్పేవాళ్ళూ. వీళ్ళ మధ్య ఒక ఊరి నీళ్ళు ఉన్నాయి.

ఇంకొక మాట. పెర్సిదా కొడుకు గ్రాదిమీర్ లారీలు ఆ కంపెనీకే కదా కంకర తోలుతున్నాయి? కొడుకు కంకర తోలతాడు, తల్లి రుజువు ఉడకబెడుతుంది. ఇది తెలివితక్కువతనమేనా, లేక ఇంట్లో కూర్చుని అనుకుని చేసిందా? నేను అనడం లేదు, అడుగుతున్నాను. ఈ పేరా ఆమెకు చదివి వినిపించు.

ఇప్పుడు చెయ్యవలసింది. ఆ డిస్కులను ఏ కంప్యూటరుకూ తగిలించకు. నీష్ లో పాడైన డిస్కుల నుంచి వస్తువులు వెలికి తీసే ప్రయోగశాల ఉందని ఇక్కడి ఎక్స్‌రే తీసే అబ్బాయి చెప్పాడు. చిరునామా వెనక రాశాను. ఒక్క డిస్కు మాత్రమే తీసుకెళ్ళు. రెండోది నా గదిలో బట్టల బీరువా సొరుగులో పెట్టు. రెండూ ఒకే బస్సులో ఎక్కకూడదు.

నాన్నమ్మ


రుయాక్,
సెప్టెంబరు 28

నాన్నమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు చెయ్యకపోయుంటే బావుండేదనిపిస్తోంది.

ఆ పేరా మామ్మకు చదివాను. ఆమె పిండి కలుపుతోంది. చివరిదాకా విని, "మీ నాన్నమ్మ రాసిందా ఈ మాట? చేత్తోనే రాసిందా?" అంది. అవునన్నాను. ఏడవలేదు. చేతులు కడుక్కుని, సంచీ సర్దుకుని, "మా వదిన నన్ను మొద్దు అన్నా పడతాను, ముప్పైసార్లు అంది. దొంగ అంటే మాత్రం ఈ గడప తొక్కను" అని మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది.

మర్నాడు నీష్ వెళ్ళాను. ప్రయోగశాలలో మనిషి నెమ్మదస్తుడు. డిస్కును చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నాడు, మన ఆసుపత్రిలో దూడ గుండె విన్నట్టు. "లోపల చదివే ముల్లు దెబ్బతింది. మార్చి, నెమ్మదిగా చదవాలి. మూడు వారాలు పడుతుంది. ఎంత వస్తుందో చెప్పలేను" అన్నాడు. మూడు వారాలంటే విచారణకు రెండు రోజుల ముందు!

రెండో డిస్కు సంగతి. మామ్మ చూస్తుండగానే దాన్ని నీ సొరుగులో పెట్టాను. నీష్ నుంచి ఇంటికొచ్చి సొరుగు తీశాను. లేదు. బీరువా అంతా వెతికాను. మంచం కింద కూడా చూశాను. చివరికి మామ్మకు ఫోను చేస్తే, "నేనే తెచ్చాను. గ్రాదిమీర్ ఆఫీసులో కంప్యూటర్లు తెలిసిన కుర్రాడున్నాడు. బాగు చేయించి మీ నాన్నమ్మ మొహాన కొడతాను. అప్పుడు తెలుస్తుంది ఎవరు దొంగో" అని పెట్టేసింది.

ఏం చెయ్యమంటావు?

నెవెన


స్తారా బాన్యా,
సెప్టెంబరు 30

నెవెనా,

గ్రాదిమీర్ ఆఫీసా? ఆ ఆఫీసు గోడ అవతలే కంపెనీ ఆఫీసు ఉంది. కుక్క నోట్లోంచి ఎముక తీసి నక్క నోట్లో పెట్టినట్టుంది. తక్షణం వెళ్ళి డిస్కు తెచ్చుకో. ఇవ్వనంటే ఊళ్ళో పదిమందికీ చెప్పు, రుయాక్ రుజువును గ్రాదిమీర్ ఎత్తుకుపోయాడని. మర దగ్గర ఉండే యాంకో తాతకు ముందు చెప్పు. ఆయనకు చెబితే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

నేను ఇక్కడ నీళ్ళలో నానుతున్నాను. అక్కడ మన నీళ్ళు అమ్ముడుపోతున్నాయి. ఇంతకంటే రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

నాన్నమ్మ


రుయాక్,
అక్టోబరు 4

నాన్నమ్మా, నాన్నమ్మా!

ఫోటోలు దొరికాయి!!

నీ ఉత్తరం వచ్చిన రోజే నేను యాంకో తాతకు చెప్పేశాను (ఎందుకు చెప్పానో, నోరు కాలిపోను). మర్నాడు పొద్దున్నే గ్రాదిమీర్ మామయ్య లారీ మన గేటు ముందు ఆగింది. లోపలికి వచ్చి, కాఫీ అడిగి తాగి, జేబులోంచి చిన్న పెన్ డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏమే కోడలా, ఊరంతా నన్ను దొంగంటోందట. దొంగ తెచ్చి ఇస్తాడా?"

కంప్యూటరులో పెట్టి చూశాను. తాతయ్య ఫోటోలు! వందలకొద్దీ! మంచులో కొలకర్ర, వానలో కొలకర్ర. ఒకదానిలో తాతయ్య బూటు కొన కూడా పడింది. మా వాడు రెండు సాయంత్రాలు కూర్చుని తీశాడన్నాడు మామయ్య. ఆ డిస్కుకు పెద్దగా దెబ్బ తగల్లేదట, కాలిపోయింది పెట్టెలో కరెంటు పలకేనట.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. కాళ్ళమీద పడడం ఒకటే తక్కువ. "నాన్నమ్మ తరఫున క్షమించు మామయ్యా" అన్నాను. "మీ నాన్నమ్మ నోరు నాకు కొత్తా? బళ్ళో నా చెవి మెలిపెట్టిన చెయ్యే కదా" అని నవ్వాడు. యాంకో తాత దగ్గరకు మళ్ళీ వెళ్ళి, ఆ మాట తప్పని చెప్పి వచ్చాను.

నాన్నమ్మా, మామ్మకు ఒక్క ముక్క రాయి. "పొరపాటు పడ్డాను" అని చాలు. నీష్ పని ఆపించెయ్యనా? అనవసరంగా ఖర్చు.

నీ సంతోషమైన నెవెన


స్తారా బాన్యా,
అక్టోబరు 6

నెవెనా,

నీష్ పని ఆపకు.

క్షమాపణలు తర్వాత. ముందు ఫోటోలను ఏడాదివారీగా, నెలవారీగా విడదీసి లెక్కపెట్టు. ప్రతి ఏడాదికీ, ప్రతి నెలకీ ఎన్ని ఉన్నాయో రాసి పంపు. నెలకు నాలుగో ఐదో ఆదివారాలు. లెక్క సరిపోతే నేనే పెర్సిదా ఇంటికి వెళ్ళి, కర్ర మీద ఆనుకుని, గుమ్మంలో నిలబడి క్షమించమంటాను. నా నోటితోనే.

వందలకొద్దీ అన్నావు. వందలు అన్నది అంకె కాదు. నేను నీకు లెక్కలు నేర్పలేదా?

రూజా కొడుకు చూడడానికి వచ్చి నా కుర్చీలో కూర్చుని పందికొవ్వు ముక్కలు నమిలి, వేళ్ళు కర్టెనుకు తుడిచాడు.

నాన్నమ్మ


రుయాక్,
అక్టోబరు 9

నాన్నమ్మా,

లెక్కపెట్టాను. ఏ ఏడాదిలోనూ ఆగస్టు లేదు.

జులై చివరి ఆదివారం ఉంటుంది, తర్వాత సెప్టెంబరు మధ్యలో వానలు పడ్డాక మొదలవుతుంది. మధ్యలో ఏమీ లేదు. పద్నాలుగేళ్ళూ అంతే. మిగిలిన నెలలు నువ్వు చెప్పినట్టు నాలుగూ ఐదూ సరిగ్గా ఉన్నాయి. తాతయ్య ఆసుపత్రిలో ఉన్న ఆ ఫిబ్రవరి తప్ప.

మామయ్యకు ఫోను చేశాను. "వేడికి కొన్ని పాడైపోయాయి కోడలా, ఏం చేస్తాం? దొరికినవాటికి సంతోషించు" అన్నాడు. ఆ డిస్కయినా తిరిగి ఇమ్మన్నాను. "కాపీ అయ్యాక చచ్చింది, చెత్తలో పడేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. సైకిలు తొక్కుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు మామ్మ తీసింది. "నువ్వే తీసుకెళ్ళి ఇచ్చావు! నాన్నమ్మ సరిగ్గానే రాసింది! ఆగస్టులన్నీ మీ వాడు మింగేశాడు!" అని వీధంతా వినబడేలా అరిచాను. మామ్మ "ఆగస్టులు లేవా?" అని ఒక్కసారి అడిగింది. నా మొహంలోకి కాసేపు చూసింది. తలుపు మూసేసింది.

ఇక ఆమెను మామ్మ అని పిలవను. అడిగినదానికి జవాబు చెప్పలేని మనిషి.

నెవెన


స్తారా బాన్యా,
అక్టోబరు 11

నెవెనా,

వేడికి నెలలు తెలియవు. వేడి డిస్కును పాడు చేస్తే కాస్త మార్చి పోతుంది, కాస్త నవంబరు పోతుంది, ఒక ఏడాది మొత్తం పోతుంది. పద్నాలుగేళ్ళలో ఆగస్టును మాత్రమే ఏరి తినే వేడి ఈ లోకంలో లేదు. ఏరేది మనిషే.

నా విద్యార్థుల్లో దొంగలున్నారు. చాలామందిని పట్టుకున్నాను. వాళ్ళెవరి మీదా ఇంత రోత పుట్టలేదు. ఎందుకంటే గ్రాదిమీర్ అన్నీ తుడిచేసి ఏమీ రాలేదని చెప్పి ఉండవచ్చు. అలా చెయ్యలేదు. మిగతావి తెచ్చి, కాఫీ తాగి, నీచేత దండం పెట్టించుకున్నాడు. మేనమామ చేతి పనిని ముక్కలు చేసి, ఆ ముక్కలనే కానుకగా ఇచ్చాడు. ఆ కప్పును సున్నపు నీళ్ళతో కడుగు.

కానీ పెర్సిదా విషయంలో నువ్వు తొందరపడ్డావు. నేనూ పడ్డాను, కానీ నేను పడ్డది ఆమె ముఖం చూడకుండా. నువ్వు చూసి కూడా పడ్డావు. ఆమె నిజంగా తెలిసి ఇచ్చి ఉంటే, నువ్వు అరిచినప్పుడు నీకంటే గట్టిగా అరిచేది. ఆమె గొంతు నాకు తెలుసు. "ఆగస్టులు లేవా?" అని అడిగిందంటే, కొడుకు చేసింది ఆ క్షణంలోనే తెలుసుకుంది. ఆమె మొద్దు, దొంగ కాదు. మొద్దు అనే మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి అరవకు. ఎక్కడైనా ఎదురుపడితే మామ్మ అనే పిలువు. విచారణకు ముందు నీష్ వెళ్ళి, ఎంత వస్తే అంత తీసుకురా. ఒక్క ఆగస్టు వచ్చినా చాలు.

నాన్నమ్మ


రుయాక్,
అక్టోబరు 21

నాన్నమ్మా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీష్ లో నాలుగు ఆగస్టులు దొరికాయి, అవి కూడా అరకొర. చాలా ఫోటోలు తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలోకెల్లా బాగున్నది రెండువేల ఆరుది. దాని పై సగం రంగు చారలుగా చెదిరిపోయింది. ఆకాశం లేదు, చెట్లు లేవు, వంతెన కూడా లేదు. కింది సగం మాత్రం అద్దంలా ఉంది. ఎండిన రాళ్ళు, వాటి మధ్య బొటనవేలంత నీటి పాయ, అడుగుగీత కంటే జానెడు కిందుగా. కొలకర్ర. మూలన తేదీ. కర్ర పట్టుకుని నిలబడ్డ ఒక అబ్బాయి, నడుము నుంచి కిందికి. చారల నిక్కరు, బురద కాళ్ళు.

సభామందిరం నిండిపోయింది. నిలబడడానికి కూడా చోటు లేదు. కంపెనీ తరఫున వచ్చిన లాయరు ఆ అచ్చును రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు, తడి పిల్లిని పట్టుకున్నట్టు. "ఇది ఏ వాగమ్మా? వంతెన ఏది? ఊరి పేరు ఏది? ఏ ఎండిన కాలవలోనైనా కర్ర పాతి ఫోటో తీయవచ్చు" అన్నాడు. వెనక కూర్చున్న కుర్రాళ్ళు కొందరు నవ్వారు. గ్రాదిమీర్ మామయ్య లాయరు పక్కనే కూర్చున్నాడు, ఊరివాడిగా సాక్ష్యం చెప్పడానికి. ఆగస్టులోనూ వాగు నిండుగా ఉంటుందని అప్పటికే చెప్పేశాడు.

అచ్చును అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాను నాన్నమ్మా. యాంకో తాత లేచి "అది మన వాగే!" అని అరిచాడు. విచారణ అధ్యక్షురాలు, "అందరూ మన వాగే అంటారు తాతా, దానికి ఆధారం ఏమిటి?" అంది.

అప్పుడు వెనక నుంచి మామ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. నల్ల తలగుడ్డ కట్టుకుని, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి, బల్ల మీది అచ్చును తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తర్వాత దాన్ని మామయ్య ముందు పెట్టింది.

"ఇది ఎవర్రా?"

"నాకేం తెలుసమ్మా. తల లేదు కదా."

"ఆ వేసవి సెలవులంతా మీ మేనమామకు వంతెన కింద కర్ర పట్టింది ఎవర్రా?"

మామయ్య ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. "గుర్తు లేదమ్మా. ఎప్పటి సంగతో."

"నాకు గుర్తుంది" అంది మామ్మ అధ్యక్షురాలి వైపు తిరిగి. "వీడు నా కొడుకు. అప్పుడు పదమూడేళ్ళు. ఆ చారల నిక్కరు వరండా పందిరి గుడ్డతో నేనే కుట్టాను. ఈ భూమ్మీద అలాంటి నిక్కరు ఇంకొకటి లేదు. ఆ నిక్కరు తొడుక్కుని మా అన్నయ్యతో మర వంతెన దగ్గరికి తప్ప వీడు ఏ కాలవకూ వెళ్ళలేదు. రాసుకోండి. నా పేరు కూడా రాసుకోండి."

ఎవరూ నవ్వలేదు. అధ్యక్షురాలు రాసుకుంది. మామయ్యను ఇంకొకసారి అడిగింది. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. లారీ స్టార్టయిన చప్పుడు లోపలికి వినబడింది.

తీర్పు: పైపుకు అనుమతి ఇవ్వలేదు. తిరస్కరించనూ లేదు. వచ్చే ఆగస్టులో విచారణవాళ్ళ అధికారే వచ్చి ప్రతి ఆదివారం కొలుస్తాడట. అప్పటిదాకా ఒక్క పైపు కూడా పడకూడదు.

మామ్మ ఇప్పుడు మన ఇంట్లో ఉంది. అడగలేదు, సంచీతో వచ్చి కూర్చుంది. కొడుకింటికి వెళ్ళనంది. రాత్రి భోజనం దగ్గర, "మీ నాన్నమ్మ నన్ను ఇంకా దొంగ అంటోందా?" అని అడిగింది. లేదు మామ్మా, మొద్దు అంటోంది అన్నాను. "అదైతే సరే" అని ఇంకొక ముక్క రొట్టె తీసుకుంది.

నీ నెవెన


స్తారా బాన్యా,
అక్టోబరు 23

నెవెనా,

ఎల్లుండి పొద్దుటి బస్సుకు వస్తున్నాను. స్టాపు దగ్గర చక్రాల కుర్చీ అక్కర్లేదు, కర్రతో నడుస్తాను.

గ్రాదిమీర్ నిన్న ఇక్కడికి వచ్చాడు. కాఫీ పొడి, నారింజ రసం, బిస్కెట్ల డబ్బా. జబ్బు మనిషిని చూడడానికి వచ్చినవాడు తెచ్చేవన్నీ తెచ్చాడు. "అత్తయ్యా, లారీల మీద అప్పుంది, పిల్లలున్నారు" అన్నాడు. చెప్పుకోనిచ్చాను. వచ్చే ఆగస్టులో ఆదివారాలు వంతెన కింద ఆ అధికారికి కర్ర పట్టుకోవడానికి వస్తావా అని అడిగాను. రుమాలుతో మెడ తుడుచుకుని బిస్కెట్ల డబ్బా నా వైపు జరిపాడు. డబ్బా చేతికిచ్చి పంపేశాను. వాడు కూర్చున్న కుర్చీని నర్సుచేత తుడిపించాను. ఆ రోత పోవడానికి నాకు ఎంత కాలం పడుతుందో తెలియదు. బహుశా పోదు.

పెర్సిదాను వెనక గదిలో ఉండమను. కిటికీ పక్క మంచం ఆమెకు ఇవ్వు, ఆమెకు నడుము నొప్పి.

ఒక్క విషయం, నీకు మాత్రమే. ఆ చారల నిక్కరు పెర్సిదా కుట్టలేదు. ఆమెకు మిషను తొక్కడం ఎన్నడూ రాదు. పందిరి గుడ్డ మనది. కత్తిరించింది నేను, కుట్టింది నేను, ఎడమ జేబు వంకరగా వచ్చింది, అది కూడా ఆ ఫోటోలో కనబడుతూ ఉండాలి. విచారణ కాగితాల్లో తప్పు పడింది.

నలభై ఏళ్ళు పిల్లల కాగితాలు దిద్దాను. దీన్ని దిద్దడం లేదు. నువ్వు కూడా నోరు విప్పకు.

నాన్నమ్మ